మా కోత ముఠా, మానుపిల్లి చెట్లు

“గట్టు మీద ఆ చెట్లు కొట్టించేద్దామే. నీడకి నాలుగు సాళ్ళు కాపే పట్టడంలా.”

“ముందు నా తల కొట్టించు. తర్వాత చెట్ల సంగతి.”

“నీ తలా? గొడ్డలి మొద్దుబారిపోద్ది.”

నేనూ మా ఆయనా ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. నవ్వుకుంటూ వెళ్ళి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఎక్కించిన లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. గుంటూరు యార్డులో కాటా కోసం కాచుకుంటూ, మా టిక్కీలకే వీపు ఆనించి కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అడిగారు, చివరగా ఏం మాట్లాడాడమ్మా అని. చెప్పాను. కొందరు మూతి ముడుచుకున్నారు. ఇంకాస్త మంచి మాట ఏదైనా అయి ఉంటే బాగుండేదని వాళ్ళ బాధ. కాపురమంతా మేం అట్లాగే మాట్లాడుకున్నాం. పోయే రోజున కొత్త మాటలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం?

ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతకు మించి రాదు. కళ్ళాల్లో ఘాటు పీల్చి పీల్చి గొంతు బొంగురుపోయింది కాబట్టి అది పక్కకి ఒరిగి చెవి పెట్టి వింటోంది.

చెట్లు మాత్రం నేను కొట్టనివ్వలేదు. మా రెండెకరాల చేను వాగు పక్కన ఉంది. అక్కడ మొదలై కల్వర్టు దాకా వాగు గట్టు పొడుగునా పాత చెట్లు. చింతలు, వేపలు, తాళ్ళు, వాటి నడుమ ఈత పొదలు, అక్కడక్కడ నేరేళ్ళు. మా గట్టు మీద ఉన్న చింత అన్నిటికంటే ముసలిది. దాని తొర్రలో చెయ్యి పెడితే భుజం దాకా పోతుంది. మిరప కోతల రోజుల్లో మా ముఠా అంతా మధ్యాహ్నం క్యారేజీలు విప్పేది దాని కిందే.

ముఠా అంటే నా ముఠా. ఆయన పోయాక చేను ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదని కోతలకి వెళ్ళడం మొదలుపెట్టి, నా నోటి పుణ్యాన మేస్త్రమ్మనయ్యాను. పత్తి తీతకీ మిరప కోతకీ ఆడవాళ్ళని ఆటోల్లో వేసుకుని అటు వినుకొండ వైపు చేల దాకా వెళతాను. నా పద్ధతి ఒకటే. మనిషికో సాలు. సాలు పట్టిన మనిషి ఈ చివర నుంచి ఆ చివర దాకా దానికి జవాబుదారీ. కాయ వదిలినా, పక్కదాని సాల్లో చెయ్యి పెట్టినా నేను ఊరుకోను. కోసింది ఒడిలో పడాలి. ఒడి నిండితే పట్టా మీద కుప్ప పడాలి. కుప్ప దగ్గర తాలుకాయ వేరు, మంచికాయ వేరు కావాలి. కింద రాలినవి కూడా ఊడ్చుకుని, వెనక్కి తిరిగి చూస్తే చేలో ఏమీ మిగలకూడదు. మా చేతులకి తెలిసిన పని అది.

ఒక ఏడాది కోతలు అయిపోయి ఎండలు ముదిరాక రోడ్డు కబురు వచ్చింది. కొండ అవతల రాళ్ళ క్వారీ ఉంది. అక్కడి నుంచి లారీలు తారురోడ్డెక్కడానికి కొత్త దారి వేస్తారట, అదీ మా వాగు గట్టు మీద నుంచి. అవతల సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవని బీడు అంత ఉంది. అటు వేస్తే కాస్త చుట్టు అవుతుందట. గట్టు మీద అయితే గీత గీసినట్టు వస్తుందట. రోడ్డు ఇంజనీరు కుర్రాడు, మర్యాద తెలిసినవాడే, మా ఇంటికి వచ్చి చెప్పాడు.

“మీ గట్టుకి పరిహారం ఇస్తారమ్మా. చెట్లకి కూడా కట్టిస్తారు.”

“చెట్టు అమ్ముతానని నేనేమన్నా బోర్డు కట్టానా బాబూ?”

“అందరూ ఒప్పుకున్నారమ్మా. మీరొక్కరే.”

“ఒక్కదాన్నేలే. ఎప్పటినుంచో ఒక్కదాన్నే.”

నేను ఒప్పుకోకపోయినా ఆగే పని కాదని అతని మొహంలోనే తెలుస్తోంది. వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నాడు. చెట్లలో ఏ జీవాలు ఉన్నాయో చూసే సర్వే ఒకటి మిగిలి ఉందట. ఆ సర్వే చేసేవాళ్ళు చెట్లు ఖాళీ అని చెబితే, వానలు పడే లోపలే కొట్టేస్తారు. జీవాలు ఉన్నాయని తేలితేనే దారి మార్చే మాట. నాకు అంతే కావాలి. ఆ రోజు నుంచి నా కళ్ళు గట్టు మీదే ఉన్నాయి.

సర్వే మనిషిని నేను మొదట చూసినప్పుడు ఆమె మోకాళ్ళ మీద ఉంది. ప్యాంటు, పెద్ద టోపీ, మెడలో ఫోను. మా చింతచెట్టు మొదట్లో ఎండుటాకులు వేళ్ళతో పక్కకి తోస్తూ పాకుతోంది.

“ఏం పోగొట్టుకున్నావమ్మా?” అన్నాను.

తల ఎత్తింది. నల్లగా, చురుగ్గా, మన ఇళ్ళలో పిల్లలాగే ఉంది. “ఏం పోలేదు పిన్నిగారూ. పెంట వెతుకుతున్నా.”

నా వెనకే మా తోడికోడలు ఉంది. మా ఆయన తమ్ముడి భార్య. ముఠాలో నా కుడిభుజం, నోటి దురుసులో నాకంటే రెండాకులు ఎక్కువ. అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అంత చదువు చదివించింది ఇందుకా అమ్మా నిన్ను! మా గొడ్ల చావిడికి రాకపోయావా, తట్టలకి తట్టలు ఇచ్చేదాన్ని.”

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. చెట్టు కింద చతికిలబడి మా సీసాలో నీళ్ళు తాగి, ఆమే చెప్పింది. సొంతూరు గుంటూరే. చదువు అయ్యాక చాలా ఏళ్ళు ఆస్ట్రేలియాలో ఇదే పని చేసింది. అక్కడ కోలా అని ఒక జంతువు. ఫోనులో బొమ్మ చూపించింది. బొద్దుగా, నల్ల ముక్కుతో, చెవులకి పత్తి అంటించుకున్నట్టు ఉంది. చంకలో బిడ్డ.

“జామాయిలు ఆకు తప్ప ఇంకేం తినదు,” అంది.

“జామాయిలా? మా మేక వాసన చూసి తల తిప్పుద్ది!” అన్నాను.

“రోజులో చాలా భాగం కొమ్మకి ఆనుకుని నిద్రే పిన్నీ.”

“మా ఆయన ఆ దేశంలో పుట్టాల్సినోడు,” అంది తోడికోడలు.

రోడ్డు వేసినా, ఇళ్ళు కట్టినా ముందు అక్కడ కోలా ఉందా లేదా చూడాలట. కొమ్మల్లో ముడుచుకున్న జంతువు కంటికి చిక్కదు. అందుకని ఒక్కో చెట్టు మొదట్లో పెంట కోసం వెతుకుతారట. ఈతకాయంత ఉంటుందట, నలిపి చూస్తే జామాయిలు నూనె వాసన వస్తుందట. ఏ చెట్టు కింద ఉందో, ఎన్ని చెట్ల కింద ఉందో చూస్తే ఆ తోపు దానికి ఇల్లో కాదో తెలిసిపోతుంది. అదే పని ఇక్కడ ఆమె మానుపిల్లి కోసం చేస్తోంది.

మానుపిల్లి మాకు తెలియనిది కాదు. పగలంతా తొర్రల్లోనూ తాటి మట్టల్లోనూ పడుకుంటుంది, చీకటి పడితే దిగుతుంది. కల్లు గీసేవాళ్ళు దాన్ని తిట్టని రోజు ఉండదు, ముంతలో మూతి పెట్టి పోతుందని. పళ్ళు తిని గింజలు గింజలుగానే విసర్జిస్తుంది, గట్ల మీద వేరుశెనగ పట్టీ ముక్క పడేసినట్టు కనిపిస్తుంది. దాన్ని ఒకరు చదువుకుని మరీ వెతుకుతారని మాత్రం మాకు తెలియదు.

“ఇవి దొరికితే చెట్లు ఉంటాయా?” అని అడిగాను.

“ఉంటాయని నేను చెప్పలేను పిన్నీ. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. దొరక్కపోతే మాత్రం ఆపడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.”

ఆమెకి సాయంగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి వడదెబ్బ తగిలి ఊరికి వెళ్ళిపోయారు. గట్టు చూస్తే మైలు పొడుగు. మబ్బు పట్టేలోపల, వాన వచ్చి అన్నీ కడిగేసేలోపల ఒక్క మనిషి తిరిగి చూడటం అయ్యే పని కాదు. మాకు కోతలు లేవు, చేతులు ఖాళీ.

“రేపు ముఠా దింపుతాను,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే దింపాను. సర్వే అమ్మాయి, అప్పటికే మా అందరికీ మేడమ్, చెప్పింది విన్నాం. చెట్టు మొదలు చుట్టూ రెండు బారల మేర చూడాలి, ఆకు కింద ఆకు తీసి చూడాలి, ఒక్కటి కూడా తప్పిపోకూడదు. ఇంకా ఏదో చెప్పబోతుండగా ఆమెకి ఫోను వచ్చింది. మండలాఫీసుకి ఇప్పుడే రమ్మని. “మీరు మొదలుపెట్టండి పిన్నీ, వచ్చేస్తా,” అని స్కూటరెక్కింది.

మొదలుపెట్టాం. మనిషికో సాలు పంచాను. ఒకదానికి తాళ్ళ వరస, ఒకదానికి వేపల వరస, కల్వర్టు వైపు తోడికోడలు, మా గట్టు వైపు నేను. ఒడులు కట్టుకున్నాం. చీపుళ్ళు కూడా తెచ్చుకున్నాం. మా వాళ్ళ పనితనం గురించి నేనే చెప్పుకోకూడదు కానీ, ఆ రోజు చూడాల్సింది. ఒంగిన నడుములు ఎత్తలేదు. మధ్యాహ్నానికల్లా గట్టు పొడుగునా చెట్ల కింద పెళ్ళివారి వాకిలిలాగా ఊడ్చి పారేశాం. దొరికిన పెంటంతా ఒడుల్లో తెచ్చి మా చింతకింద పట్టా మీద కుప్ప పోశాం. ఊరికే పోశామా? గ్రేడింగ్ కూడా చేశాం. ఈతగింజలవి ఒక కుప్ప. వేపగింజలవి ఒక కుప్ప. ఎండి తెల్లబడిపోయిన రేగిగింజలవి తాలు కింద లెక్కేసి అటు పక్కకి.

మేడమ్ తిరిగొచ్చేసరికి అందరం పట్టా చుట్టూ నిలబడి ఉన్నాం, మెచ్చుకుంటుందని.

ఆమె స్కూటరు స్టాండు కూడా వెయ్యలేదు, వదిలేసింది. అది పక్కకి పడిపోయింది. వచ్చి కుప్పల వంక చూసింది, చెట్ల వంక చూసింది. గట్టు మీద కూర్చుని టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఏమైందమ్మా? తక్కువ వచ్చాయా?” అన్నాను.

“ఏది ఏ చెట్టు కిందది పిన్నీ?”

అన్నీ కలిపేశామని చేత్తో చూపించాను.

“ఎక్కడున్నది అక్కడే ఉంచాలి. చూడాలి, ఫోటో తియ్యాలి, రాసుకోవాలి. చేత్తో ముట్టుకోకూడదు. ఆ మాట చెప్పబోతుంటేనే ఫోను వచ్చింది.”

ముట్టుకోకుండా చూడటం! మా జన్మలో అట్లాంటి పని ఎవరూ చెప్పలేదు. కాయ కనిపిస్తే చెయ్యి పోతుంది, అది మా ఒంట్లోనే ఉంది. చెట్లు నిలబెడదామని ఊరి ఆడవాళ్ళని దింపి, ఉన్న సాక్ష్యం అంతా ఒడిలో వేసుకొచ్చాం.

తోడికోడలు గొంతు సవరించుకుంది. “పోనీ మళ్ళీ తీసుకెళ్ళి పరిచి రమ్మంటారా మేడమ్?”

సరిగ్గా ఆ మాట దగ్గరికే ఇంజనీరు జీపు దిగాడు. కుప్పలు చూశాడు, ఫోను తీసి ఫోటో కొట్టాడు. “ఇవా మీ జీవాలు? ఎండి పెంకులైపోయాయి మేడమ్. ఎప్పుడో ఉండి పోయినట్టున్నాయి. వాన వచ్చేట్టుంది, మీ సర్వే ముగించేస్తే మంచిది,” అన్నాడు. వెటకారంగా అనలేదు, జాలిగా అన్నాడు. అదే ఎక్కువ మండింది నాకు.

జీపు పోయాక మేడమ్ లేచింది. గట్టు వెంట కొంత దూరం నడిచింది. వంగి నేల మీద అరచెయ్యి పెట్టి చూసింది. తిరిగొచ్చేటప్పటికి మొహం వేరేగా ఉంది.

“చెట్ల కింద మొత్తం ఊడ్చారా? ఒక్క చెట్టు కూడా వదల్లేదా?”

“అద్దంలాగా ఉంది చూడు,” అన్నాను, ఇంకా బెదురుగానే.

“అక్కడ కోలాలకి కావాలనే ఇట్లా చేస్తాం పిన్నీ. చెట్టు కింద మొత్తం శుభ్రం చేసి పోతాం. కొన్నాళ్ళాగి వచ్చి చూస్తాం. అప్పుడు ఏది ఉన్నా అది ఈమధ్య పడిందే. పాతది అనడానికి లేదు. ఇక్కడ ఇంత గట్టు ఊడ్చడానికి మనుషులెక్కడ దొరుకుతారని నేను ఆ ఊసే ఎత్తలేదు. మీరు ఒక్కపూటలో చేసిపెట్టారు.” నవ్వింది. “ఇప్పుడు ఒక్కటే కావాలి. అవి ఇంకా ఇక్కడే ఉండాలి. వాన కాస్త ఆగాలి.”

కుప్పలన్నీ గోతంలో పోసి మూతి కట్టి నా కొట్టంలో పెట్టించింది, ఎవరూ విప్పొద్దని. ఊడ్చిన నేలంతా ఫోటోలు తీసుకుంది.

మర్నాడు మళ్ళీ సాళ్ళు పట్టాం. ఈసారి మేడమ్ పెట్టిన రూలు ఒకటే, చెయ్యి పెట్టకూడదు. కనిపిస్తే ఆ చెట్టుకి గుడ్డపీలిక కట్టి ఆమెని పిలవాలి. ఎవరి సాలో తెలియడానికి ఎవరి పాత చీర వాళ్ళు చింపుకొచ్చారు. నేను పెట్టె అడుగునున్న ఎర్రచీర తీశాను. ఆయన పోయాక అది కట్టలేదు. తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, అదెందుకే! ఇంకోటి చింపు.”

“ఎరుపు దూరానికి కనపడుద్ది,” అన్నాను. పర్రున చింపాను.

చేతులు ఒక్కచోట ఉండవని, అందరం చేతులు వెనక్కి కట్టుకుని నడిచాం, బళ్ళో తప్పు చేసిన పిల్లల్లాగా. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. “ఏందమ్మా, పోలీసులు పట్టుకున్నారా మిమ్మల్నందర్నీ?”

ఆ రోజు ఏమీ లేదు. నేల ఊడ్చినట్టే ఉంది. ఆ తర్వాతి రోజూ అంతే. తోడికోడలు కల్వర్టు మీద కూలబడి, “కల్లు ఎక్కువై ఎక్కడో పడి నిద్రపోతన్నాయేమోనే,” అంది కానీ ఎవరికీ నవ్వు రాలేదు. పడమర మబ్బు లేస్తోంది. నేను రోజూ మా చింత దగ్గర ఎక్కువసేపు నిలబడేదాన్ని. పిచ్చిదానిలాగా తొర్రలోకి చూసి, “ఉంటే తెలియజెయ్యవే తల్లీ,” అన్నాను ఒకసారి.

తర్వాతి పొద్దున కల్వర్టు వైపు నుంచి కేక వినపడింది. మా తోడికోడలి కేక వాగు అవతల ఊరికి కూడా వినపడుతుంది. అందరం పరుగెత్తాం. అది వేపచెట్టు కింద, చేతులు వెనక్కే కట్టుకుని, గడ్డంతో చూపిస్తోంది. ఊడ్చిన నేల మీద తడితడిగా, ఊదారంగులో, గింజలు గింజలుగా. నేరేడు పళ్ళు అప్పుడప్పుడే రాలుతున్నాయి. అవి తిని వచ్చింది.

“ముట్టుకోలా! ముట్టుకోలా! ఒట్టు!” అని గెంతుతోంది అది.

ఆ పూటే ఇంకో చోట. మర్నాడు తాళ్ళ వరసలో. ఆ మర్నాడు మా చింత కింద, తొర్రకి సూటిగా కింద. నేను కేక వెయ్యలేదు. పీలిక నేను చుట్టాను, మేడమ్ ముడి వేసింది. ఆ వారం గడిచేసరికి గట్టు పొడుగునా చెట్టు తర్వాత చెట్టుకి పీలికలు. పచ్చవి, నీలంవి, పూలవి, చుక్కలవి, నా ఎర్రవి. తిరునాళ్ళ బజారులాగా ఉంది. మేడమ్ ఆఖరి ఫోటో తీసిన సాయంత్రమే తొలకరి పడింది. నేల మీది గింజలన్నీ వాగులోకి కొట్టుకుపోయాయి. పోనీ, మా పని అయిపోయింది అనుకున్నాం.

అయిపోలేదు. ఊరి బడి ఆవరణలో షామియానా వేసి, జిల్లా నుంచి ఆఫీసరుగారు వచ్చారు, రోడ్డు గురించి అందరి మాటా వినడానికి. మేడమ్ గోడ మీద తెర కట్టి ఫోటోలు చూపించింది. ఊడ్చిన నేల ఒకటి, అదే నేల మీద పెంట ఒకటి. జనం వింతగా చూస్తున్నారు. ఆఫీసరుగారు తల ఊపుతున్నారు. అప్పుడు ఇంజనీరు లేచాడు.

“సార్, ఒక్క మనవి. ఈ ఆడవాళ్ళు ముందే గోతం నిండా పెంట ఏరి పెట్టుకున్నారు. ఇదిగో నా ఫోటో. మళ్ళీ తీసుకెళ్ళి పరుస్తామని వీళ్ళలో ఒకామె నా ముందే అంది. అవే చెట్ల కింద పెట్టి వీళ్ళు ఫోటోలు తీయించారేమో, సార్, ఆలోచించండి.”

తోడికోడలి మొహం పాలిపోయింది. అది నవ్వులాటకి అన్న మాట. జనంలో గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఎవడో “అనే ఉంటార్లే, వాళ్ళ నోళ్ళు తెలియవా,” అన్నాడు. నేను కట్టిన ప్రతి ఎర్రపీలికా ఆ క్షణంలో అబద్ధమైపోయేటట్టుంది. ఆఫీసరుగారు మేడమ్ వంక చూశారు.

మేడమ్ నా వంక చూసింది. “పిన్నీ, ఆ గోతం ఉందా?”

“ముడి కూడా విప్పలేదు.”

“తెప్పించండి.”

నలుగురు ఆడవాళ్ళు వెళ్ళి మోసుకొచ్చారు. అందరి ఎదుటా మేడమ్ తన చేతి ముడిని చూపించి విప్పింది. బడి పట్టా పరిచి బోర్లించాం. దుమ్ము లేచింది, ముందు వరస వాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

“ఇందులో ఏమేం గింజలు ఉన్నాయి పిన్నీ? ఆ రోజు మీరు కుప్పలు వేరుచేశారుగా.”

“ఈతగింజ. వేపగింజ. పాత రేగిగింజ తాలు.”

“నేరేడు?”

“నేరేడు అప్పటికి రాలితేగా!”

అన్నాక నాకు తట్టింది. మేడమ్ అప్పటికే తెర మీద ఫోటోలు వెనక్కి తిప్పుతోంది. చెట్టు తర్వాత చెట్టు, ఊదారంగు, నేరేడు గింజ, నేరేడు గింజ. “సార్, ఈ గోతంలోది తీసుకెళ్ళి పరిచి ఉంటే అందులో నేరేడు ఉండాలి. ఒక్క గింజ ఉన్నా నా సర్వే నేనే చించేస్తాను,” అంది.

ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. పెన్నుతో కుప్ప కెలికారు. తర్వాత ఇంజనీరుని చూశారు. ఆ అబ్బాయి ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ మీదకి లాక్కుని పట్టా పక్కన గొంతుక్కూర్చున్నాడు. వెతకడం మొదలుపెట్టాడు. అతను అటు కొంత ఇటు కొంత కెలుకుతుంటే మా తోడికోడలు ఉండబట్టలేకపోయింది.

“అట్టా కాదు బాబూ, ఒక సాలు పట్టుకో! ఆ చివర నుంచి రా!”

బడంతా ఘొల్లుమంది. ఆఫీసరుగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అతను నిజంగానే ఆ చివర నుంచి మొదలుపెట్టాడు, పాపం. చాలాసేపు వెతికాడు. లేచి చేతులు దులుపుకుని, “లేదు సార్. ఒక్కటీ లేదు,” అన్నాడు. ఆ మాట స్పష్టంగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. అందుకే ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు.

కొన్నాళ్ళకి కాగితం వచ్చింది, రోడ్డు బీడులో నుంచి అని. కాగితం నాకెందుకు? నేను చూడాలనుకున్నది వేరే. గట్టు పొడుగునా పసుపు రంగు వేసిన సర్వే రాళ్ళు పాతి ఉండేవి. మొదటిది మా చింత మొదట్లోనే. వాటిని పీకడానికి మనుషులు వచ్చిన రోజున నేను పనికి వెళ్ళలేదు, ముఠానీ పంపలేదు. అందరం అన్నం డబ్బాలు తెచ్చుకుని చింత కింద కూర్చున్నాం, సినిమాకి వచ్చినట్టు. గడ్డపార వేసి మా రాయి పీకుతుంటే వేరులో ఇరుక్కుంది. నలుగురు పట్టి లాగారు. అది ఊడి పైకి వచ్చినప్పుడు మా వాళ్ళు వేసిన ఈలలకి తొర్రలో ఉన్నది ఉలిక్కిపడి లేచే ఉంటుంది.

“పడుకోనీయండే దాన్ని, రాత్రి డ్యూటీ కదా,” అంది తోడికోడలు.

అందరికీ నా చేత్తో పచ్చడి ముద్దలు పెట్టాను. గొంతు పోయేదాకా నవ్వాను. ఇంజనీరు జీపు ఆపి దిగితే అతనికీ పెట్టాను. కారానికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వద్దనకుండా తిన్నాడు.

ఇప్పుడు బీడులో నుంచి లారీలు పోతుంటాయి. ఆ దుమ్ము ఇటు రాదు. మేడమ్‌కి వేరే ఊళ్ళలో పని పడితే ఫోను చేస్తుంది. “పిన్నీ, ముఠా కావాలి, చీపుళ్ళతో సహా,” అంటుంది. కోతలు లేని రోజుల్లో వెళతాం. కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెబుతాను. మనిషికో సాలు, చేతులు వెనక్కి. మొదటి రోజు అందరి చేతులూ ముందుకే పోతాయి. నేను అరుస్తాను. మూడో చెట్టుకల్లా నేర్చుకుంటారు. మొన్న ఒక ఊళ్ళో అడిగారు, మీరెవరమ్మా, ఆఫీసు వాళ్ళా అని. “కోత ముఠా,” అన్నాను. ఇంకో పేరు ఎందుకు మాకు?

ఇంతే చెప్పాలనుకున్నాను. ఆగు, కలం మూత పెట్టకు. నువ్వు మధ్యలో రెండుసార్లు నవ్వావు, అప్పుడు ఏమన్నా వదిలేశావేమోనని నా అనుమానం. ఫ్యాను కాస్త తగ్గించు, నీ గొంతు నాకు వినపడాలి. ఆఁ, ఇప్పుడు చదువు. మొదటి నుంచి చదువు అమ్మాయీ, తొందర లేదు.